జేబులోంచి చూసిన నాటకం

నాటకం జరుగుతుండగా చీకట్లో కూర్చుని, ఎవరికీ తెలియకుండా ఫోన్‌లో తీసి లోకానికి పంచేవాణ్ని దొంగ అంటున్నారు. ఎంత అన్యాయం! అతను దొంగ కాదు, దాత. కాస్త మొహమాటం ఎక్కువైన దాత. అందుకే ఫోన్ దాచుకుంటాడు.

ఆలోచించండి. ఆరు నెలలు రిహార్సల్స్ చేసి నాటకం వేస్తారు. చూసేదెందరు? నూట ఇరవై కుర్చీల్లో ఓ యాభై మంది. అందులో సగం నటుల చుట్టాలు, ఇద్దరు ముగ్గురు ఏసీ కోసం వచ్చినవాళ్లు. మిగతా తెలుగు జాతి గతేం కావాలి? మెట్రోలో నిలబడి, సిగ్నల్ దగ్గర ఆగి, బాత్‌రూమ్‌లో కూర్చుని కళను ఆస్వాదించే హక్కు వాళ్లకు లేదా?

అనుమతి అడగాలట! అడిగితే వద్దంటారు కదా? వద్దంటారని తెలిసీ అడిగి పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టడం మర్యాదేనా?

ఇంకా నమ్మకం కుదరని వాళ్లు కమలాకర్‌కు జరిగింది వినాలి.

కమలాకర్‌ది సిద్దిపేట దగ్గర పల్లె. వయసు నలభై నాలుగు. కృష్ణానగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. జూబ్లీహిల్స్‌లో రాఘవేంద్ర అనే దర్శకుడి ఆఫీసులో కో-డైరెక్టర్. పదహారేళ్లుగా అతని సొంత సినిమా వచ్చే ఏడాది మొదలవుతూనే ఉంది. ఆఫీసులో 'అలాగేనండీ', 'చూశానండీ' అంటాడు. సాయంత్రం కృష్ణానగర్ సందు తిరగ్గానే 'గట్లనే', 'చూసిన' అంటాడు. మధ్యలో బండి మీద పది నిమిషాలు ఏమీ మాట్లాడడు.

రాఘవేంద్ర అతనికి అప్పగించిన ముఖ్యమైన పని, 'రిఫరెన్స్' తేవడం. సినిమా వాళ్ల భాషలో ఇది చాలా గౌరవనీయమైన మాట. ఇతరుల వస్తువు మన ఇంట్లో కనిపిస్తే పోలీసులు ఒక పేరు పెడతారు. మన స్క్రిప్టులో కనిపిస్తే దాని పేరు రిఫరెన్స్. కొరియా సినిమాల రిఫరెన్సులు అందరికీ తెలిసిపోతున్నాయి కాబట్టి, రాఘవేంద్ర దృష్టి ఎవరూ చూడని కళ మీద పడింది. నాటకం!

"ఫిల్మ్‌నగర్‌లో ఆ మేడ మీద హాల్లో ఏవో నాటకాలు వేస్తున్నారటగా. ఊరికే చూసి రావయ్యా," అన్నాడు. 'ఊరికే' అన్న మాటను కాస్త సాగదీశాడు. కమలాకర్‌కు అర్థమైంది.

ఆ ఆదివారం పొద్దున అతని భార్య ఉదయశ్రీ బట్టలు మడతపెడుతూ చారల చొక్కాను కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. ఆమె బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అబద్ధాలు వినడం ఉద్యోగంలో భాగం.

"గిదేందయ్యా? కొత్త అంగీ జేబుకు గింత బొక్క పడ్డది!"

"షూటింగుల కాలర్ మైక్ పెట్టుకోనీకి. వైరు పోవాలె గద."

ఉదయశ్రీ నమ్మిందో లేదో గానీ, బొక్క అంచు పీచులు లేస్తుంటే చూడలేక, చేతికందిన నీలం దారంతో చుట్టూ చక్కగా కుట్టిపెట్టింది. ఇల్లాలి సహకారం లేనిదే ఏ సేవా సాగదు.

ఆ సాయంత్రం నాటకం పేరు 'ఆనవాళ్లు'. రాసింది, ఆడేది శ్యామలాదేవి. అరవై ఒక్క ఏళ్ల మనిషి. ఊరు తెనాలి వైపు. పగలు డబ్బింగ్ చెబుతుంది. తెలుగు రాని తల్లి పాత్రధారులు తెర మీద ఏడుస్తుంటే వినిపించే గొంతు చాలాసార్లు ఆమెదే. ఆదివారాలు మాత్రం సొంత గొంతుతో, సొంత మొహంతో నాటకం వేస్తుంది.

ఆట మొదలవక ముందు ఆమే తెర ముందుకొచ్చి చేతులు జోడించింది.

"ఫోన్లతో తియ్యకండి బాబూ. గొప్ప కళ అని కాదు. నేను తప్పులు చేస్తాను. ఇవాళ చేసిన తప్పు వచ్చే ఆదివారం దిద్దుకుంటాను. మీరు తీసిపెట్టుకుంటే ఆ తప్పు అట్లాగే ఉండిపోతుంది. నన్ను దిద్దుకోనివ్వండి."

హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది కమలాకర్. కొడుతుంటే జేబులో ఫోన్ అదిరింది. అప్పటికే రికార్డింగ్ ఆన్‌లో ఉంది.

నాటకంలో కోటమ్మ అనే ఆవిడ, భర్త మూడు రోజులుగా కనబడటం లేదని పోలీస్ స్టేషన్‌కు వస్తుంది. ఎస్సై ఆనవాళ్లు అడుగుతాడు. ఎత్తెంత? "నేను తలెత్తి చూడాలండీ." రంగేంటి? "పొలం నుంచి వస్తే ఒక రంగు, స్నానం చేస్తే ఒక రంగండీ." పుట్టుమచ్చలు? "అవి తెలీదండీ. ఎడం కాలి చెప్పు మడమ దగ్గర అరిగిపోతుంది. ఆ చప్పుడు సందు మొదట్లోనే పోల్చుకుంటాను."

అక్కడే శ్యామలాదేవి తప్పు చేసింది. రాసుకున్నది 'కుడికాలి చెప్పు'. చివరి రంగంలో పోలీసులు తెచ్చి చూపించేది కుడి చెప్పే. ఆ సాయంత్రం ఎందుకో నోరు జారింది. చివర్లో "కంగారులో ఎడమన్నానండీ" అని అతికించుకుంది.

అప్పుడు ఎస్సై అడుగుతాడు. "సరే, మొహం ఎలా ఉంటుందో చెప్పమ్మా."

కోటమ్మ నోరు తెరుస్తుంది. ముప్పై రెండేళ్ల కాపురం. మొహం ఎలా ఉంటుందో చెప్పలేకపోతుంది. ఒక నిమిషం పాటు అలాగే నిలబడిపోతుంది. ఏడవదు. చేతిలో సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుస్తుంది, అంతే. హాల్లో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

కమలాకర్‌కు ఎందుకో చచ్చిపోయిన తన తండ్రి పోచయ్య మొహం గుర్తు తెచ్చుకుందామనిపించింది. బీడీ వాసన వచ్చింది, భుజమ్మీది తువ్వాల వచ్చింది. మొహం రాలేదు. ఇరవై ఏళ్లు సినిమాల్లో ఏడుపు సీన్లకు గ్లిజరిన్ అందించిన మనిషి, చీకట్లో వెక్కివెక్కి ఏడ్చాడు. జేబులో ఫోన్ కూడా అతనితోపాటు ఊగింది.

మర్నాడు ఆఫీసులో రాఘవేంద్ర ఆ వీడియో రెండుసార్లు చూశాడు.

"ఇక్కడేంటయ్యా, షేక్ అయింది?"

"ఏసీ గాలండీ సార్."

"ఈ సైలెన్స్ అద్భుతం! మన హీరో తల్లికి పెట్టేద్దాం, ఇంటర్వెల్ ముందు. ఈ సైలెన్స్‌లో డెబ్బై మంది వయొలిన్లు వాయించాలి. అదిరిపోవాలి!"

కమలాకర్ 'అలాగేనండీ' అన్నాడు. కానీ అతని మనసులో ఇంకేదో మిగిలిపోయింది. ఇంత గొప్ప నటన యాభై మందే చూడటమేంటి? నిజంగానే, చిత్తశుద్ధితోనే అనుకున్నాడు. ఆ పోలీస్ స్టేషన్ రంగం ఏడు నిమిషాలూ కత్తిరించి, పాతిక మంది సినిమా మిత్రులున్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 'చూడండి. మనం చేసేది ఏంది, ఈమె చేసేది ఏంది' అని రాశాడు. కింద 'బయటికి పంపకండి' అని కూడా రాశాడు. తాళం వేసి, తాళం చెవి దానికే తగిలించినట్టు!

మధ్యాహ్నానికి అది రీల్ అయింది. సాయంత్రానికి ఊరూరా తిరిగింది. నిశ్శబ్దం దగ్గర 'బ్రో, ఆడియో పోయింది, చెక్ చెయ్' అని నాలుగు వందల మంది హెచ్చరించారు. దయగల ఒకాయన అక్కడ విషాద గీతం అతికించాడు. ఇంకొకాయన, ఆమె సంచీ మార్చుకోవడం పదిసార్లు తిప్పి డాన్స్ చేశాడు. కళ ఇంత వేగంగా ప్రజల్లోకి ఎప్పుడైనా వెళ్లిందా?

మేలు చూడండి! మరుసటి ఆదివారం హాలు నిండిపోయింది. మెట్ల మీద కూడా నిలబడ్డారు. శ్యామలాదేవి పొంగిపోయి, ఎందుకైనా మంచిదని రెండుసార్లు జడ వేసుకుంది. తెర లేవగానే వంద ఫోన్లు లేచాయి. ఆమె 'వద్దు బాబూ' అంటే 'పర్లేదు మేడమ్, ట్యాగ్ చేస్తాం' అన్నారు. మొదటి రంగమంతా 'ఆ బిట్ ఎప్పుడు?' అని గుసగుసలు. ఆ బిట్ వచ్చింది. కోటమ్మ నోరు తెరిచి, మాట రాక నిలబడింది.

"ఆడియో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

హాలు పగలబడి నవ్వింది.

శ్యామలాదేవి కాసేపు అలాగే నిలబడింది. అది కోటమ్మ నిలబడటం కాదని మొదటి వరుసలో వాళ్లకు తెలిసింది. తర్వాత సంచీ కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. బిట్ అయిపోయిందని జనం కూడా లేచారు. ఆ తర్వాత చాలాకాలం ఆ నాటకం వెయ్యలేదు.

పది నెలలు గడిచాయి. రాఘవేంద్ర సినిమా షూటింగ్ అయిపోయింది. హీరో తల్లిగా ముంబై నుంచి ఒక పెద్ద నటిని తెచ్చారు. ఆవిడ తెలుగు మాటల బదులు ఒకటి నుంచి ఇరవై దాకా హిందీలో అంకెలు చెబుతూ అద్భుతంగా నటించింది. గొంతు పెట్టాలి. ప్రొడక్షన్ మేనేజర్ తనకు తెలిసిన మంచి డబ్బింగ్ ఆర్టిస్టుకు ఫోన్ చేశాడు.

అలా ఒక బుధవారం పొద్దున పదకొండింటికి, ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్ అద్దాల గదిలోకి శ్యామలాదేవి వచ్చి నిలబడింది. అద్దానికి ఇవతల, సౌండ్ ఇంజనీర్ పక్కన, పర్యవేక్షణకు కూర్చున్నది కమలాకర్. ఆమెను చూడగానే లేచి బయటికి పోదామనుకున్నాడు. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

తెర మీద పోలీస్ స్టేషన్. పట్టుచీర కట్టిన తల్లి. ఎదురుగా ఎస్సై. శ్యామలాదేవి కాగితం అందుకుని మొదటి వాక్యం చూసింది. 'నేను తలెత్తి చూడాలండీ.'

"ఈ మాట నాదండీ," అంది మైకులో.

"మీదేనమ్మా. మీరే చెప్పాలి. టేక్ వెళ్దామా?" అన్నాడు ఇంజనీర్.

"కాదు నాయనా. ఇది నా మాట."

"అదే మేడమ్, ఆ ఎస్సైది వేరే వాళ్లు చెప్తారు. మీది మీరు చెప్పండి!"

ఆమె కాగితం చివరిదాకా చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"ఎడం కాలి చెప్పు," అని చదివింది. "ఇరవై మూడు ఆటల్లో ఒక్కసారే నేనిట్లా అన్నాను. ఆ ఆదివారం. మరుసటి వారం దిద్దుకున్నాను." అద్దం వైపు తలెత్తింది. "నా తప్పు కూడా ఎత్తుకొచ్చారా బాబూ?"

ఇంజనీర్ కమలాకర్ వైపు చూశాడు. కమలాకర్ తన ముందున్న నీళ్ల సీసా మీద లేబుల్ చదువుతున్నాడు.

"మేడమ్, కంటిన్యూ చేద్దామా? ఈ గ్యాప్‌లో కొంచెం ఏడుపు కావాలన్నారు డైరెక్టర్ గారు."

"ఇక్కడ ఏడవకూడదు నాయనా," అంది శ్యామలాదేవి. హెడ్‌ఫోన్ తీసి, వైరు చక్కగా చుట్టి స్టాండుకు తగిలించి, వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఇంకో గొంతు దొరికింది. ఏడుపు బ్రహ్మాండంగా కుదిరింది.

ఇంట్లో కమలాకర్ అన్నం కలుపుతూ కూర్చున్నాడు. ముద్ద ఎత్తడం లేదు. ఉదయశ్రీ ఎదురుగా కూర్చుంది.

"గామె సంగతేనా?"

"గామె ఎవరు?"

"నాకు ఎర్క లేదనుకుంటున్నవా? మా హాస్పిటల్ల పేషెంట్లు సుత చూసిండ్రు గా వీడియో. కింద మూలకు నీలం దారం కనబడ్తుండె. నా కుట్టు నేను గుర్తువట్టనా? నువ్వే చెప్తవని పది నెలలసంది చూస్తున్న." కంచం దగ్గరికి జరిపింది. "తిను. తిని, జర పోయి చెప్పు."

మర్నాడు పొద్దున కమలాకర్ వెళ్లాడు. శ్యామలాదేవి ఇల్లు అతని ఇంటికి నాలుగు సందుల అవతలే. ఆమె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అతను ఆఫీసు భాషలో చెబుదామని నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకుని వచ్చాడు. ఒక్కటీ రాలేదు.

"నేనే తీసినమ్మా. జేబుల ఫోన్ వెట్టి. మీరు తియ్యొద్దన్నంక తీసిన."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగింది. దాన్ని బుట్టలో పెట్టి అడిగింది.

"మొత్తం నాటకం ఉందా?"

"ఉందమ్మా. గంటా పది నిమిషాలు."

"ఒకసారి చూపించు. నలభై ఏళ్లబట్టి ఆడుతున్నాను. నాటకం మొత్తంలో నేనెట్లా ఉంటానో నేనెప్పుడూ చూసుకోలేదు."

గుమ్మంలోనే, చిక్కుడుకాయల బుట్ట పక్కన ఫోన్ ఆనించి చూశారు. ముందు వరుసలో ఎవరో ఆవిడ కొప్పు సగం తెరకు అడ్డం. శ్యామలాదేవి అప్పుడప్పుడు 'ఛ' అనుకుంది. 'చెయ్యి ఎక్కువ ఊపుతున్నాను' అంది. నిశ్శబ్దం దగ్గర బొమ్మ ఊగడం మొదలైంది.

"ఇక్కడేమైంది?"

కమలాకర్ బుట్టలోంచి ఒక చిక్కుడుకాయ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఏడ్చినమ్మా. మా నాయిన మొహం యాదికి రాలే."

ఆమె అతని వైపు చూడలేదు. బొమ్మ ఊగడం ఆగేదాకా దాన్నే చూసింది.

"మరుసటి వారం ఇక్కడ ఇంకొంచెం బాగా చేసేదాన్ని," అంది. ఆపైన, "నీ మీద నాకు కోపం పోలేదు నాయనా. పోతుందని కూడా చెప్పను. కానీ ఇది నాదేనని నలుగురి ముందు చెప్తావా?" అని అడిగింది.

"చెప్త," అన్నాడు.

సినిమా వాళ్ల కథల తగవులు తీర్చడానికి ఫిల్మ్‌నగర్‌లో ఒక కమిటీ ఉంది. శ్యామలాదేవి అక్కడ ఫిర్యాదు పెట్టింది. దాని అధ్యక్షుడు చలపతిరావు, పెద్ద నిర్మాత. విచారణ రోజు ఆయన కాస్త ఆలస్యంగా వచ్చాడు. పైరసీ వల్ల సినిమా ఎలా చచ్చిపోతోందో టీవీ వాళ్లకు చెప్పి, ఇంకా తడిగా ఉన్న కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

రాఘవేంద్ర ముందే తేల్చేశాడు. "కాకతాళీయం సార్. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచనలు అలాగే వస్తాయి."

"ఎడం చెప్పు కూడానా బాబూ?" అని అడిగింది శ్యామలాదేవి.

"ఉన్నవి రెండే కాళ్లు కదండీ! యాభై శాతం ఛాన్స్."

అప్పుడు కమలాకర్ లేచి రాఘవేంద్ర వైపు తిరిగాడు. పదహారేళ్లలో మొదటిసారి సినిమా పెద్దల ముందు తన ఊరి మాటలో మాట్లాడాడు.

"సార్, నేను తీసిన. మీరు పంపిస్తె పోయిన. గీ ఫోన్ల తారీఖుతోని ఉన్నది. మన స్క్రిప్టు రాసుకున్నది దాని తర్వాత నెలల."

ఫోన్ చేతులు మారింది. కమిటీలో ఐదుగురూ చూశారు. నిశ్శబ్దం దగ్గర ఇద్దరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చలపతిరావు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఎంత గొప్ప నటన తల్లీ! చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. సందేహం లేదు, సీన్ అదే." కాసిని మంచినీళ్లు తాగాడు. "అయితే ఒక్క మాట. ఈ వీడియో మీ అనుమతితో తీసిందేనా?"

"కాదండీ. తియ్యొద్దని చెప్పాను."

చలపతిరావు మొహం గంభీరమైపోయింది. ఫోన్‌ను మునివేళ్లతో పట్టుకుని, దూరంగా జరిపి పెట్టాడు.

"అయితే దొంగచాటుగా తీసిందన్నమాట! మేము రాత్రింబగళ్లు పోరాడుతున్నది దేని మీదమ్మా? దీని మీదే కదా! ఇలాంటిది ఈ కమిటీ సాక్ష్యంగా ముట్టుకుంటే రేపు మా నోటితో పైరసీ అన్న మాట ఎలా అంటాం? నీతి అనేది ఒకటి ఉంటుంది."

మిగతా నలుగురూ తలలూపారు. రాఘవేంద్ర అందరికన్నా ఎక్కువ ఊపాడు.

తీర్పు ఆ రోజే వచ్చింది. సాక్ష్యం లేనందున ఫిర్యాదు కొట్టివేయడమైనది. ఒక కళాకారిణి ప్రదర్శనను అనుమతి లేకుండా చిత్రించి ఆమె మనోభావాలను గాయపరిచినందుకు కమలాకర్‌ను ఏడాది పాటు ఏ సినిమాలోనూ పనిలో పెట్టుకోరాదు. నాటకరంగం పట్ల సినిమా రంగానికున్న అపారమైన గౌరవానికి ఇదే నిదర్శనం.

చూశారా? రంగస్థలం తరఫున సినిమా రంగం ఎంత కఠినంగా నిలబడిందో!

సినిమా విడుదలైంది. డెబ్బై వయొలిన్లూ మోగాయి. ఎడం చెప్పు దగ్గర రాష్ట్రమంతా ఏడ్చింది.

పని లేని కమలాకర్ నెల రోజులు కృష్ణానగర్ టీకొట్ల దగ్గర తిరిగాడు. ఒకరోజు శ్యామలాదేవి కబురు పెట్టింది. నాటకం మళ్లీ వేస్తున్నానని, పాత ఎస్సై పాత్రధారి సీరియల్‌లోకి వెళ్లిపోయాడని చెప్పింది.

"నాకు నటించుడు రాదమ్మా."

"అక్కర్లేదు. నువ్వు అడుగుతావు, నేను చెప్పలేకపోతాను. అంతే. మీ ఊరి మాటలోనే అడుగు."

ఆ ఆదివారం హాల్లో ముప్పై ఎనిమిది మంది. ఉదయశ్రీ రెండో వరుసలో కూర్చుంది. ఖాకీ చొక్కా బిగుతై, చెమటలు పట్టిన ఎస్సై, రిజిస్టరు మీంచి తలెత్తి అడిగాడు. "మొహం ఎట్లుంటదో చెప్పమ్మా."

కోటమ్మ నోరు తెరిచింది. కమలాకర్ మొట్టమొదటిసారి ఆ నిమిషాన్ని నాలుగడుగుల దూరం నుంచి చూశాడు. ఎవరూ అరవలేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. పోయినసారి కన్నా ఆమె ఇంకొంచెం బాగా చేసిందని, ఈ లోకంలో తనొక్కడికే తెలుసుననిపించింది.

ఆట అయ్యాక ఒక పెద్దమనిషి వేదిక దగ్గరికి వచ్చాడు. తెల్ల పైజామా, చేతిలో గొడుగు. నిజంగా కదిలిపోయిన మనిషి.

"చాలా బాగా చేశారమ్మా. సినిమాలో ఆవిడకు ఏమీ తీసిపోలేదు. కానీ పెద్దవాణ్ని, చెప్పాలి కాబట్టి చెబుతున్నాను." గొంతు తగ్గించాడు. "ఇంకొకళ్ల సీన్ వాడుకునేటప్పుడు వాళ్ల అనుమతి తీసుకోవాలి. పాపం, ఎంత కష్టపడి తీశారో! పైగా చెప్పు కూడా మార్చారు. వాళ్లది ఎడమ. ఎవరూ పోల్చుకోరనుకున్నారా?"

కమలాకర్ ఖాకీ టోపీ చేతిలోకి తీసుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. శ్యామలాదేవి అతని మోచెయ్యి పట్టి ఆపింది.

"తప్పేనండీ," అంది ఆ పెద్దమనిషితో వినయంగా. "వచ్చే ఆదివారం దిద్దుకుంటాం. తప్పకుండా రండి."